ఎవరింట్లో అన్నం తిన్నావు? పాస్కా కాలం, రాయప్ప, తెలుగు కాథలికుల కథ

ఈస్టర్ అయిపోయింది కదా, ఇప్పుడెందుకు ఈ టాపిక్ అని మీలో కొందరికి అనిపించొచ్చు. ఆదివారం పొద్దున స్టేటస్ పెట్టేశాం, బిర్యానీ తినేశాం, సోమవారం కాలేజీకో ఆఫీసుకో వెళ్ళిపోయాం. కానీ కాథలిక్ క్యాలెండర్‌లో ఆ ఆదివారం ముగింపు కాదు, మొదలు. తపస్సు కాలం నలభై రోజులైతే, దాని తర్వాత వచ్చే పాస్కా కాలం యాభై రోజులు. పునరుత్థాన ఆదివారం నుంచి పెంతెకోస్తు దాకా. అంటే ఉపవాసం కంటే పండగే పది రోజులు ఎక్కువ. ఈ యాభై రోజుల్లో గుళ్ళో ఏం చదువుతారు, ఆ చదివేదానికీ మన తెలుగు నేల మీద మూడు వందల ఏళ్ళుగా నడిచిన ఒక గొడవకీ సంబంధం ఏంటి అన్నదే ఈరోజు మాట్లాడుకుందాం. మీరు కాథలిక్ కాకపోయినా పర్లేదు, ఇది మన చరిత్రే.

ముందు ఒక నడక గురించి చెప్తాను. లూకా సువార్త చివరి అధ్యాయంలో ఉంటుంది. యేసుని సిలువ వేసిన మూడో రోజు ఇద్దరు శిష్యులు యెరూషలేము వదిలి ఎమ్మావు అనే ఊరికి నడిచి వెళ్తుంటారు. దూరం ఇంచుమించు పదకొండు కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరి, ఎల్.బి. నగర్ దాటి, హయత్‌నగర్ దాకా నడిచినంత. రెండు రెండున్నర గంటల నడక. నేను హయత్‌నగర్ నుంచే మాట్లాడుతున్నా కాబట్టి ఆ దూరం నాకు కాళ్ళతో తెలుసు. ఎండలో, ఆశలన్నీ పోయిన మూడ్‌లో ఆ దూరం నడవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. దారిలో ఒక కొత్త మనిషి కలుస్తాడు. మాట కలుపుతాడు. గ్రంథాలన్నీ విప్పి చెప్తాడు. అంత చెప్పినా వీళ్ళు ఆయన్ని గుర్తుపట్టరు. చీకటి పడుతోంది, మా ఇంట్లో ఉండిపోండి అని వీళ్ళే బలవంతం చేస్తే లోపలికి వస్తాడు. భోజనానికి కూర్చుంటారు. రొట్టె తీసుకుని విరిచినప్పుడు, అప్పుడు గుర్తుపడతారు.

దారంతా చెప్పిన పాఠంతో పట్టని గుర్తు ఒక్క ముద్ద దగ్గర పట్టారన్నమాట. ఇంకోటి కూడా చూడండి. మన దేశంలో శిష్యుడు అంటే గురువుని వెతుక్కుంటూ వెళ్ళేవాడు. ఈ కథలో శిష్యులు దూరంగా వెళ్ళిపోతుంటే గురువు వెనకాల వస్తున్నాడు. పవిత్ర గురువారం నాడు గురువే శిష్యుల కాళ్ళు కడగడం లాంటిదే ఇది కూడా, మన పాదపూజకి పూర్తిగా తిరగేసిన సీన్.

పాస్కా కాలం పఠనాలు వరసగా చదివితే తిండి మాటిమాటికీ వస్తుంది. ఎమ్మావులో రొట్టె. యెరూషలేము గదిలో కాల్చిన చేప ముక్క. తిబేరియ సరస్సు ఒడ్డున పొద్దున్నే నిప్పుల మీద చేపలు. ఆ తర్వాత అపోస్తలుల చర్యల్లో, పేతురు వేరే జాతి మనిషి ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళడం, దాని మీద వచ్చిన పెద్ద రచ్చ. నా ఉద్దేశంలో ఈ కాలానికి అసలు పరీక్ష ఇదే. శిష్యరికం అంటే ఏం నమ్ముతున్నావన్నది ఒక ప్రశ్న. ఎవరితో కూర్చుని తింటున్నావన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి మన వాళ్ళు చాలా త్వరగా జవాబు చెప్పారు. రెండోది ఇంకా నడుస్తోంది.

ఈ కథలో ముఖ్యమైన మనిషి పేతురు. తెలుగు కాథలికుల పాత పేర్లలో ఆయన్ని రాయప్ప అంటారు. పేతురు అంటే గ్రీకులో రాయి. మన తెలుగు చెవికి రాయప్పలో ఆ రాయి అలాగే వినిపిస్తుంది. పౌలుని చిన్నప్ప అన్నారు, ఎందుకంటే లాటిన్‌లో ఆ పేరుకి చిన్నవాడు అని అర్థం. యోహాను అరుళప్ప అయ్యాడు. ఇగ్నాసియుసు మన దగ్గరికి వచ్చి ఇన్నయ్య, ఇన్నారెడ్డి అయ్యాడు. ఫ్రాన్సిస్ జేవియర్ శౌరి అయ్యాడు, శౌరయ్య, శౌరిరెడ్డి, బాలశౌరి. జోసెఫ్ జోజి, జోజప్ప. మీ క్లాసులో ఇన్నారెడ్డో శౌరమ్మో ఉంటే, వాళ్ళ పేరు వెనక మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. విదేశీ పేరుని తీసుకొచ్చి అలాగే అంటించలేదు, మన నోటికి, మన ఊరికి తగ్గట్టు మలుచుకున్నారు. నాకైతే ఇది చాలా అందంగా అనిపిస్తుంది.

సరే, రాయప్ప దగ్గరికి వద్దాం. యేసుని పట్టుకున్న రాత్రి ప్రధాన యాజకుడి ముంగిట్లో చలికాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు చెప్పినవాడు ఇతనే. యోహాను సువార్తలో అక్కడ మండుతున్నది బొగ్గుల నిప్పు. మూడు అధ్యాయాల తర్వాత, సరస్సు ఒడ్డున యేసు చేపలు కాలుస్తున్నది కూడా బొగ్గుల నిప్పు మీదే. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకే పదం. కొత్త నిబంధన మొత్తంలో ఆ పదం ఈ రెండు చోట్లే వస్తుంది. తప్పు చేసిన చోటి వాసన మళ్ళీ ముక్కుకి తగిలిందన్నమాట. ముందు తినమన్నాడు. తిన్నాక, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ గొర్రెల్ని చూసుకోమని పని అప్పజెప్పాడు. తిట్టలేదు, పాత మాట ఎత్తలేదు. ఆకలితో ఉన్న మనిషిని కూర్చోబెట్టి తినిపించి, ఆ తర్వాతే అడిగాడు.

అక్కడితో పేతురు పని అయిపోలేదు. అపోస్తలుల చర్యలు పదో అధ్యాయంలో కైసరియాలో కొర్నేలి అనే రోమా సైనికాధికారి ఉంటాడు, యూదుడు కాదు. అతని ఇంటికి రమ్మని పిలుపు వస్తుంది. యూదుడు అన్యుడి ఇంటి లోపలికి వెళ్ళకూడదు, అతనితో తినకూడదు అన్నది అప్పటి ఆచారం. పేతురు వెళ్తాడు. వెళ్ళి, ఏ మనిషినీ అంటరానివాడు అనకూడదని దేవుడు నాకు చూపించాడు అన్న అర్థంలో మాట్లాడతాడు. వాళ్ళకి జ్ఞానస్నానం ఇప్పిస్తాడు, కొన్ని రోజులు అక్కడే ఉంటాడు. తిరిగి యెరూషలేము వచ్చాక సొంతవాళ్ళే నిలదీస్తారు. వాళ్ళకి జ్ఞానస్నానం ఎందుకు ఇప్పించావని కాదు, వాళ్ళ ఇంటికెళ్ళి వాళ్ళతో ఎందుకు తిన్నావని! ఈ ప్రశ్న వింటుంటే మీకు మన ఊరు గుర్తొస్తోందా? నాకొస్తోంది.

ఇప్పుడు మన నేలకి వద్దాం. 1606లో రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ జెస్యూట్ మదురైకి వచ్చాడు. అప్పుడు అక్కడ పాలించేది తెలుగు నాయకులు. అందుకే ఆయన తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. కాషాయం కట్టాడు, శాకాహారం తిన్నాడు, సన్యాసిలా బతికాడు. పరంగివాళ్ళు అంటే గొడ్డుమాంసం తిని తాగేవాళ్ళు అనే పేరు పోవాలని ఆయన ఆలోచన. పెద్ద కులాలవాళ్ళు ఆయన మాట విన్నారు. కాథలిక్ ప్రీస్టుని మనం గురువు అని పిలవడం ఈ దారిలో వచ్చిన అలవాటే. కానీ దీనికి ఒక ధర ఉంది. సన్యాసిగా గౌరవం నిలబడాలంటే మాలవాడకీ మాదిగవాడకీ వెళ్ళి అన్నం తినడం కుదరదు. అందుకని తర్వాత ఇంకో రకం మిషనరీలని తయారుచేశారు, పండారస్వాములు అని. వీళ్ళు కింది కులాలతో కలవొచ్చు. ఒకే సభ, ఒకే దేవుడు, గురువులు మాత్రం రెండు రకాలు.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పాండిచ్చేరి నుంచి ఫ్రెంచ్ జెస్యూట్లు ఇదే పద్ధతి తీసుకుని తెలుగు ప్రాంతానికి వచ్చారు. దీన్ని కర్నాటక మిషన్ అంటారు. కర్నాటక అంటే ఇప్పటి రాష్ట్రం అనుకోకండి, అప్పట్లో ఆ పేరు ఈ తూర్పు ప్రాంతానికి. చిత్తూరు వైపు పుంగనూరులో మొదలైంది, తర్వాత అనంతపురం వైపు కృష్ణాపురం ముఖ్యమైన కేంద్రం అయింది. 1715 ప్రాంతంలో ఆ చుట్టుపక్కల కొన్ని రెడ్డి కుటుంబాలు జ్ఞానస్నానం తీసుకున్నాయి. ఇప్పుడు మీరు చూసే ఆర్.సి. రెడ్లలో చాలామంది మూలాలు అక్కడికే వెళ్తాయి. ఆ శతాబ్దం మధ్యలో కరువులూ యుద్ధాలూ తట్టుకోలేక ఆ కుటుంబాలు బండ్లు కట్టుకుని ఊళ్ళు వదిలాయి. కొందరు గుంటూరు సీమకి, ఫిరంగిపురం, రెంటచింతల వైపు. కొందరు ఇప్పటి తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో ఉన్న కీళచ్చేరికి. ఆ తర్వాత కృష్ణ దాటి నల్గొండ ప్రాంతానికి కూడా, మఠంపల్లి లాంటి ఊళ్ళకి.

ఒక చిన్న పక్కదారి, ప్లీజ్, ఇది చెప్పకుండా ఉండలేను. ఆ కృష్ణాపురంలో గాస్తోన్ కుర్దూ అనే ఫ్రెంచ్ గురువు ఉండేవాడు. తెలుగు బాగా నేర్చుకున్నాడు, నిఘంటువు పని చేశాడు. 1767లో పారిస్ పండితులకి ఒక ఉత్తరం రాశాడు, సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకీ ఇంత పోలిక ఎందుకుంది అని. విలియం జోన్స్ కలకత్తాలో ఇదే మాట చెప్పి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది 1786లో. మన అనంతపురం ఎండలో కూర్చున్న మనిషి పంతొమ్మిదేళ్ళ ముందే చెప్పాడు. ఇదే కాలంలో మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము అని క్రీస్తు కథని తెలుగు పద్యకావ్యంగా రాశాడు. అంటే ఇటు భాషలో, అటు పద్యంలో, పేర్లలో, అన్నిట్లోనూ ఈ మతం తెలుగు అయిపోయింది. ఇబ్బంది ఎక్కడంటే కులంలో కూడా తెలుగే అయిపోయింది.

ఇప్పుడు అసలు గొడవ. 1703 చివర్లో తూర్నోన్ అనే పోపు రాయబారి చైనా వెళ్తూ దారిలో పాండిచ్చేరిలో ఆగాడు. అక్కడ ఉన్న కొన్ని నెలల్లో జెస్యూట్ల పద్ధతుల మీద విచారణ చేసి, 1704లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. తాళిబొట్టు మీద బొమ్మలు, పెళ్ళి తంతులు, బొట్టు విభూతి, ఇలా చాలా విషయాలు దాంట్లో ఉన్నాయి. వాటిలో కొన్ని చదివితే, పాపం ఆయనకి ఈ దేశం ఏమీ అర్థం కాలేదు అనిపిస్తుంది. తాళి మీద తగువేంటండీ! కానీ ఒక్క విషయం మాత్రం సూటిగా గుండెకి తగులుతుంది. పరయల ఇంట్లో ఎవరైనా జబ్బుపడితే గురువు ఆ ఇంటికి వెళ్ళి దివ్యసంస్కారాలు ఇవ్వాలి, గుమ్మం బయటే ఆగిపోకూడదు అన్నది.

దీన్ని కాసేపు ఆలోచించండి. చావు బతుకుల్లో ఉన్న మనిషి. జ్ఞానస్నానం తీసుకున్నవాడే, మిగతావాళ్ళలాగే జపమాల చెప్పినవాడే. అతని గడప దాటి లోపలికి వెళ్ళాలా వద్దా అన్నది రోమ్ దాకా వెళ్ళిన కేసు! కొర్నేలి గుమ్మం ముందు పేతురు నిలబడిన సీన్ ఇదే కదా. తేడా ఏంటంటే పేతురు ఒక్క రోజులో లోపలికి వెళ్ళాడు, మన దగ్గర నలభై ఏళ్ళు వాదించుకున్నారు.

జెస్యూట్ల వైపు వాదన కూడా వినాలి, న్యాయంగా. మేం ఆ ఇళ్ళకి వెళ్తే మిగతా కులాలవాళ్ళు మమ్మల్ని వదిలేస్తారు, కట్టిన సంఘమంతా కూలిపోతుంది అన్నారు. అది అబద్ధం కాదు, నిజంగానే భయం ఉంది. చివరికి 1744 సెప్టెంబర్ 12న పోపు 14వ బెనెడిక్ట్ ఒక శాసనంతో తీర్పు చెప్పాడు. దాంట్లో రాజీ ఏంటంటే, మదురై, మైసూరు, కర్నాటక మిషన్ల వాళ్ళు పరయల సేవకే ప్రత్యేకంగా కొందరు గురువుల్ని పెడతాం అన్నారు, పోపు సంతోషంగా ఒప్పుకున్నాడు. రోగి ఇంటికి గురువు వస్తాడు, అదొక మెరుగు. కానీ ఆ గురువు వేరు, ఈ గురువు వేరు. గడప సమస్య తీరింది, పంక్తి సమస్య అలాగే ఉంది.

నా అభిప్రాయం అడిగితే, ఆ రాజీ ఆ రోజుకి అర్థం చేసుకోదగ్గదే కావచ్చు. కానీ అలాంటి తాత్కాలిక ఏర్పాట్లు మన దేశంలో తాత్కాలికంగా ఉండవు. పక్క రాష్ట్రంలో ఒక ఉదాహరణ ఉంది. తమిళనాడు తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళం అనే ఊళ్ళో 1872లో గుడి కట్టారు. రెండు కులాలకి రెండు వరండాల్లాంటి భాగాలు, మధ్యలో గోడ, రెండు చేతులూ కలిసే చోట ఒక్కటే పీఠం. పైనుంచి చూస్తే ప్యాంటు ఆకారం. ఆ గోడ 1910లో పగలగొట్టారు. గోడ పడింది కానీ కేసులు కోర్టుల దాకా వెళ్ళాయి.

మళ్ళీ మన కథకి. 1773లో ఇంకో పిడుగు పడింది. పోపు 14వ క్లెమెంట్ జెస్యూట్ సభనే రద్దు చేసేశాడు. యూరప్ రాజుల ఒత్తిడి, రాజకీయాలు, అదంతా పెద్ద కథ. దాని దెబ్బ వచ్చి తెలుగు పల్లెల మీద పడింది. కొత్త గురువులు రావడం ఆగిపోయింది. ఉన్నవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, కుర్దూ 1779లో పాండిచ్చేరిలో చనిపోయాడు. 1776లో పాండిచ్చేరి బాధ్యత తీసుకున్న పారిస్ విదేశీ మిషన్ల గురువులు ఎంతమందని, అంత పెద్ద ప్రాంతానికి? అప్పుడు తెలుగు కాథలికులు అచ్చం ఆరోహణ పండుగ తర్వాత పది రోజుల శిష్యుల్లా ఉన్నారు. గురువు కంటికి కనపడడు, ముందేం జరుగుతుందో తెలీదు. ఆ ఖాళీలో ప్రార్థనలు, పేర్లు, పండగలు నిలబెట్టింది ఇంటి పెద్దలు, ఉపదేశులు, అమ్మమ్మలు. ఉపదేశి అంటే గురువు లేని ఊళ్ళో జపం చెప్పించి పిల్లలకి నేర్పించే మామూలు మనిషి. చరిత్ర పుస్తకాల్లో వీళ్ళకి పేర్లు ఉండవు. నన్నడిగితే తెలుగు కాథలిక్ చరిత్రలో హీరోలు వీళ్ళే.

పంతొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ మిషనరీలు వచ్చారు. గుంటూరు, నెల్లూరు వైపు మిల్ హిల్ గురువులు, హైదరాబాద్, కృష్ణా వైపు ఇటలీ నుంచి పీమే గురువులు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఉన్న సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ ఆ కాలందే, 1870ల్లో కట్టింది. 1886లో హైదరాబాద్ మేత్రాసనం అయింది, 1953లో అగ్రమేత్రాసనం. ఈ కాలంలోనే ఊరూరా ఆర్.సి.ఎం. స్కూళ్ళు వచ్చాయి, మాల మాదిగ పల్లెల నుంచి వేలమంది చర్చిలోకి వచ్చారు. వాళ్ళకి అది దేవుడి కథతో పాటు పలక, బలపం కూడా. అప్పటిదాకా వాళ్ళ పిల్లల్ని లోపల కూర్చోనిచ్చిన బడి ఎక్కడుంది చెప్పండి?

ఆ పిల్లల మనవళ్ళు, మునిమనవళ్ళే ఇప్పుడు మన చుట్టూ ఉన్నారు. గుంటూరు, నల్గొండ, ఖమ్మం నుంచి వచ్చే రోడ్లు కలిసేది ఈ విజయవాడ హైవే మీదే కాబట్టి, పని కోసం, చదువు కోసం వచ్చినవాళ్ళు చాలామంది హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగిపోయారు. సిటీలో మంచి విషయం ఏంటంటే, ఆదివారం పూజలో మన పక్కన కూర్చున్నది ఏ పల్లె, ఏ వాడ మనిషో తెలీదు. తెలియని విషయం మాత్రం మ్యాట్రిమొనీ యాప్ ఓపెన్ చేస్తే తెలిసిపోతుంది. ఆర్.సి. పక్కన ఇంకో మాట ఉంటుంది చూడండి: ఆర్.సి. రెడ్డి, ఆర్.సి. కమ్మ, ఆర్.సి. మాల. జ్ఞానస్నానం నీళ్ళు మూడు వందల ఏళ్ళలో ఆ రెండో మాటని కడగలేకపోయాయి. ఇది నేను బయట నుంచి వేస్తున్న రాయి కాదు. 2016 డిసెంబర్‌లో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత మీద ఒక విధాన పత్రం విడుదల చేసి, చర్చి లోపల కూడా వివక్ష ఉందని తనే ఒప్పుకుంది. దేశంలో దాదాపు 1 కోటి 90 లక్షల మంది కాథలికుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులే అన్న లెక్క కూడా ఆ పత్రంలో వచ్చింది.

బయట ప్రభుత్వం వైపు ఇంకో గోడ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బి.సి.-సి కింద వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. వాదన ఏంటంటే క్రైస్తవంలో కులం లేదు కదా, ఇంకా ఎస్సీ ఎందుకు అని. చర్చి చెప్పే ఆదర్శాన్నే తీసుకుని చర్చిలోని పేదవాడికి అడ్డం పెట్టారన్నమాట. 2022 అక్టోబర్‌లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన దీని మీద ఒక కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది.

ఇప్పుడు ఒక మనిషి దగ్గరికి వద్దాం. 1961 నవంబర్ 15న కర్నూలు జిల్లా చిందుకూరులో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టాడు, పేరు పూల అంతోని. ఏడో తరగతి తర్వాత ఇంట్లో డబ్బు లేక చదువు ఆగిపోయిందని, మిషనరీలు చేరదీసి కడపలో మళ్ళీ చదివించారని పత్రికలు రాశాయి. సెమినరీలో చదివి, 1992 ఫిబ్రవరిలో కడప మేత్రాసన గురువు అయ్యాడు. 2001 నుంచి 2003 దాకా షికాగోలో ఉన్నాడు. తిరిగొచ్చాక పేద పిల్లల చదువుకి, వృద్ధులకి సాయం చేసే సంస్థ బాధ్యత చూశాడు. అంటే తనకి ఏ చెయ్యి అందిందో అదే చెయ్యి అయ్యాడు. 2008లో కర్నూలు బిషప్, 2021 జనవరిలో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి. 2022 మే 29న, పాస్కా కాలంలోనే, ఆరోహణ ఆదివారం నాడు పోపు ఫ్రాన్సిస్ కొత్త కార్డినల్స్ పేర్లు చదివితే అందులో ఈయన పేరు ఉంది. ఆగస్టు 27న కార్డినల్ అయ్యాడు. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్. దళితుల్లో ప్రపంచంలోనే మొదటి కార్డినల్.

ఒక్క మనిషికి ఎర్ర టోపీ వస్తే మూడు వందల ఏళ్ళ లెక్క సరిపోతుందా? సరిపోదు. నేనలా అనడం లేదు. కానీ 1704లో ఎవరి గడప దాటాలా వద్దా అని వాదించారో, ఆ గడప లోపలి నుంచి ఒక మనిషి నడుచుకుంటూ రోమ్ దాకా వెళ్ళాడు. అది మామూలు విషయం కాదు.

ఇక 2025 పాస్కా కాలం. ఏప్రిల్ 20న ఈస్టర్. మర్నాడు, ఈస్టర్ సోమవారం పొద్దున పోపు ఫ్రాన్సిస్ చనిపోయాడు. ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లాకి చెందిన ఒక కేసులో, క్రైస్తవంలోకి మారిన మనిషికి ఎస్సీ హోదా ఉండదు, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ కూడా వర్తించదు అని తీర్పు చెప్పింది. మే 4, పాస్కా మూడో ఆదివారం. ఆ ఏడాది వరసలో ఆ రోజు ప్రపంచమంతా చదివిన సువార్త ఏంటో తెలుసా? సరస్సు ఒడ్డున చేపల నాస్తా, పేతురుకి మూడు ప్రశ్నలు. ఎవరో కావాలని పెట్టింది కాదు, మూడేళ్ళ చక్రంలో అది వచ్చే రోజు అదే. మే 7న పేతురు వారసుడిని ఎన్నుకోవడానికి 133 మంది కార్డినల్స్ సిస్టీన్ చాపెల్‌లోకి వెళ్ళారు. మన దేశం నుంచి నలుగురు, వాళ్ళలో చిందుకూరు మనిషి ఒకరు. మే 8న తెల్లపొగ వచ్చింది, 14వ లియో. కొత్త పోపు పుట్టిన ఊరు షికాగో. దానికి పెద్ద అర్థమేం లేదు, ఊరికే గుర్తొచ్చి చెప్తున్నా. పూల అంతోని ఎవరికి ఓటు వేశాడో మనకి తెలీదు, తెలియకూడదు కూడా. ఓటు ఉంది, అది చాలు.

ఒకే మూడు వారాల్లో, ఒకే తెలుగు నేలకి సంబంధించి రెండు విషయాలు. దళిత కుటుంబంలో పుట్టిన ఒక మనిషి పోపుని ఎన్నుకోవడానికి లోపలికి వెళ్ళాడు. మన పల్లెల్లో కులం పేరుతో తిట్లు తిన్న దళిత క్రైస్తవుడు కేసు పెట్టడానికి వెళ్తే, చట్టం ముందు నువ్వు దళితుడివి కాదు అన్నారు. రెండూ నిజమే. పాస్కా కాలంలో శిష్యరికం గురించి ధ్యానం చెయ్యాలంటే నేనైతే ఈ రెండిటినీ పక్కపక్కనే పెట్టుకుంటాను.

రాయప్ప కథలో కూడా చివర ఒక ముడి ఉంది, సాధారణంగా ప్రసంగాల్లో చెప్పరు. కొర్నేలి ఇంట్లో అంత ధైర్యంగా ఉన్న పేతురు, తర్వాత అంతియోకులో యూదులు కానివాళ్ళతో కలిసి తింటూ ఉండగా, యెరూషలేము నుంచి సొంతవాళ్ళు వచ్చేసరికి భయపడి పంక్తిలోంచి లేచిపోయాడు. గలతీయులకి రాసిన లేఖలో పౌలు దాచకుండా రాశాడు ఇది. అందరి ముందూ మొహం మీదే నిలదీశానని కూడా రాశాడు. చిన్నప్ప రాయప్పని నిలదీశాడన్నమాట. పేతురు ఏం జవాబు చెప్పాడో ఆ లేఖలో లేదు.

వాళ్ళతో ఎందుకు తిన్నావని పేతురుని అడిగిన అధ్యాయం, చర్యల్లో పదకొండోది, ప్రతి ఏడాదీ పాస్కా నాలుగో వారం సోమవారం పూజలో చదువుతారు. వారం మధ్య పూజ కాబట్టి జనం తక్కువే ఉంటారు. ఈసారి వీలైతే వెళ్ళి వినండి. వచ్చే ఎపిసోడ్‌లో ఉపదేశుల గురించి విడిగా మాట్లాడుకుందాం. మీ తాతో అమ్మమ్మో ఊళ్ళో జపం చెప్పించినవాళ్ళైతే, ఈ వారంలోనే కూర్చోబెట్టి ఆ కథలన్నీ ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి.